నీళ్లు అటు కూడా పోతాయి

ఫిబ్రవరి 19

మైనస్ ముప్పై ఆరు. గాలి లేదు.

నిన్న ఊరి హాల్లో గని అనుమతి మీద బోర్డు విచారణ. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా దుబాసీ పని. మనవాళ్లు మన భాషలో అన్నది నేను ఇంగ్లిషులో చెప్పాలి, వాళ్లు ఇంగ్లిషులో అన్నది మన భాషలో చెప్పాలి. నాలుక పిడచకట్టుకుపోయింది. ఇంటికొచ్చి కారిబూ దుప్పి మాంసం పులుసు ముందు పెట్టుకుని కూడా తినలేదు. ఒళ్లు మండిపోతోంది, అందుకే రాస్తున్నాను.

ఇనాక్ మామయ్యను వాళ్లు అడిగింది ఒక్క ముక్క. కంపెనీ వాళ్లు గనిలోంచి తీసిన విషపు మట్టి పోస్తామంటున్న చోటు పక్కనే కొండ మీద సరస్సు ఉంది కదా, దాని నీళ్లు ఎటు పోతాయి? పడమటి బురదనేలలోకి మాత్రమేనా, తూర్పున మన తెల్లచేపల వాగులోకి కూడానా? బురదనేలలోకైతే విషం అక్కడే ఇంకిపోతుంది, వాళ్లకు అనుమతి వస్తుంది. వాగులోకైతే రాదు. ఎందుకంటే వాగు పీల్ నదిలో కలుస్తుంది, ఈ ఊరంతా పీల్ నీళ్లు తాగి, పీల్ చేపలు తిని బతుకుతోంది.

మామయ్య నది పుట్టిన చోటి నుంచి మొదలుపెట్టాడు. అదే సరైన పద్ధతి. ఓగిల్వీ, బ్లాక్‌స్టోన్ అనే ఏర్లు కలిసి పీల్ అయ్యే చోటు, హార్ట్ వచ్చి కలవడం, నీళ్లు బండల మధ్య ఇరుక్కుని అరిచే ఇరుకు, ఆ కింద విండ్, బానెట్ ప్లూమ్, స్నేక్ ఏర్లు. తూర్పుకు పోతున్న నది మనసు మార్చుకుని ఉత్తరానికి తిరిగే వంపు. ఎక్కడ ఎవరి తాత దుప్పిని కొట్టాడో, ఎక్కడ ఎవరు ఆకలితో పోయారో, అన్నీ. నలభై నిమిషాలు పట్టింది. అధ్యక్షుడు మూడుసార్లు గడియారం చూశాడు. నేనూ చూసి లెక్కపెట్టాను. ఆఖరికి, పెద్దాయనా, ఆ సరస్సు సంగతి చెప్పండి అన్నాడు.

"అది నేను చూడలేదు," అన్నాడు మామయ్య.

నేను ఇంగ్లిషులో చెప్పాను. మామయ్య నా వైపు తిరిగి ఊరుకున్నాడు. అలిసిపోయాడనుకుని మంచినీళ్లు అందించాను. అధ్యక్షుడు థాంక్యూ అని కాగితం తిప్పేశాడు.

నా పని నేను సరిగ్గానే చేశాను.

ఫిబ్రవరి 20

మైనస్ ముప్పై ఎనిమిది. సరిగ్గానే చేశాను.

మార్చి 2

విచారణ నివేదిక వచ్చింది. పోస్టాఫీసులోనే నిలబడి చదివాను. పన్నెండో పేజీలో ఇలా ఉంది: 'తూర్పు వైపు ప్రవాహం ఏదీ లేదని స్థానిక పెద్దలు తెలిపారు.'

లేదని ఎవడు చెప్పాడు! చూడలేదంటే లేదని అర్థమా? చూడనిది చూసినట్టు చెప్పేవాణ్ణి మనలో మళ్లీ ఎవరూ నమ్మరు. అక్కడ మంచుగడ్డ గట్టిగా ఉంది, ఇటు జంతువు పోయింది అని వినికిడి మాట చెప్తే, అది నమ్మి వెళ్లినవాడు తిరిగి రాడు. అందుకే ఎనభై ఒక్క ఏళ్ల మనిషి, ఈ నదిని అరచేతిలో గీతలా చెప్పగల మనిషి, తన కాలు పెట్టని ఒక్క చోటు గురించి నిజాయితీగా ఒక్క మాట అన్నాడు. ఆ నిజాయితీనే పట్టుకుని ఆయన గొంతు కోశారు.

కౌంటర్ దగ్గర పిల్ల ఏమైంది ఎఫీ పిన్నీ అంటే ఏం లేదన్నాను. తలుపు గట్టిగా వేసి వచ్చాను.

మార్చి 3

మామయ్య మీద కూడా కోపంగానే ఉంది. నది పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పినవాడు, నాకు తెలియదు, తెలిసినవాళ్లని అడగండి అని ఇంకొక్క మాట అంటే ఏం పోయేది?

మార్చి 9

రేడియోలో విచారణ ముక్కలు వేశారు. ఉన్నట్టుండి నా గొంతు. 'అది నేను చూడలేదు.' ఇంగ్లిషులో, మెల్లగా, స్పష్టంగా. మామయ్య గొంతు వెనకెక్కడో గొణుగుతున్నట్టుంది, ముందుకు వినిపించేది నాదే.

రేడియో కట్టేశాను. ఇంక రాయను.

మార్చి 14

రాయాలి. రాయకపోతే పిచ్చెక్కేట్టుంది.

నేను చూశాను.

నాకు పదకొండేళ్లప్పుడు నాన్న ఆ సరస్సుకి బొచ్చుతోళ్ల కోసం బీవర్ వేటకు తీసుకెళ్లాడు. తమ్ముడు రస్సెల్ అప్పుడు చంటిపిల్లాడు, అమ్మ ఇంటి దగ్గర ఉండిపోయింది. ఆఖరి మంచు మీద కుక్కబండితో వెళ్లాం, బండి మీద పడవ కట్టుకుని. మంచు కరిగేదాకా అక్కడే గుడారంలో ఉన్నాం. నీళ్లు లేచాక పడవలో తిరిగొచ్చాం. ఎటు నుంచి తిరిగొచ్చాం? తూర్పు నుంచి! సరస్సు అంచు మీంచి రాళ్ల మధ్యగా, తెల్లచేపల వాగులోకి, అక్కడి నుంచి పీల్‌లోకి. నాన్న ముందు కూర్చోబెట్టి, రాయి కనిపిస్తే అరవమన్నాడు. గొంతు పోయేలా అరిచాను.

సరస్సు నీళ్లు బయటికి పోయే పడమటి నోరు నీడలో ఉంటుంది. చలికాలమంతా అక్కడ ఊట నీరు పొరమీద పొర గడ్డకట్టి గోడలా లేస్తుంది. వసంతంలో సరస్సు నిండుతుంది, అటు దారి ఉండదు. నీళ్లు తూర్పుకు పొర్లుతాయి. పది రోజులో పదిహేను రోజులో, అంతే. తర్వాత ఆ గోడ కరిగిపోతుంది, తూర్పున మళ్లీ ఎండు రాళ్లే మిగులుతాయి. కంపెనీ వాళ్లు ఆగస్టులో హెలికాప్టర్ దిగి చూసి, ఇది ఎప్పుడో చచ్చిపోయిన వాగు అని రాసుకుపోయారు. ఆగస్టులో వచ్చేవాళ్లకి అంతకంటే ఏం కనిపిస్తుంది.

ఇదంతా తెలిసి హాల్లో నోరు మూసుకుని కూర్చున్నాను. దుబాసీ తన మాట కలపకూడదు, అది నియమం. పెద్దవాళ్లు మాట్లాడాక వాళ్ల మాట మీద మాట వేయకూడదు, అది మన పద్ధతి. రెండూ నిజమే.

రెండూ సాకులే.

మార్చి 15

రస్సెల్‌కి ఫోన్లో చెప్పాను. కంపెనీ శిబిరంలో వంటవాడు వాడు, పక్కన ఎవరో ఉన్నారేమో గుసగుసగా మాట్లాడాడు.

"అక్కా, నలభై ఏళ్ల కిందటి సంగతి. ఏ ఏడాది, ఏ తేదీ, ఎన్ని రోజులు పారింది అని అడుగుతారు. నువ్వు నీళ్లు నములుతావు. నీ చిన్నప్పటి కల చెప్తున్నావంటారు."

నువ్వెవరి తరఫున మాట్లాడుతున్నావురా అన్నాను. వాడు ఫోన్ పెట్టేశాడు. పెట్టేస్తాడని తెలుసు. వాడన్నది నాకు తెలియదా? ఆ రోజు హాల్లో నా నోరు పెగలనివ్వనిది సరిగ్గా అదే. మామయ్యనే గడియారం చూసి ఆపారు, నన్నేం చేస్తారు? అందరి ముందూ నవ్వులపాలవుతానని భయపడ్డాను. దానికి నియమమనీ, పద్ధతనీ మంచి బట్టలు తొడిగాను.

ఏప్రిల్ 6

మైనస్ పద్నాలుగు. పగలు పెరుగుతోంది.

బోర్డు చివరి సమావేశం జూన్ 17న. అప్పటిదాకా కొత్త సాక్ష్యం ఇవ్వచ్చట. మామయ్య దగ్గరికి వెళ్లాను. వలకు ముడులు వేస్తున్నాడు. తల ఎత్తలేదు. మామయ్యా, నాతో సరస్సుకి రా, నీ కళ్లతో చూడు, నీ మాటైతే వాళ్లు వింటారు అన్నాను. నేను చూసిన సంగతి చెప్పలేదు.

"నా మోకాళ్లు చూశావా పిల్లా," అన్నాడు. "బండెక్కడానికే ఇద్దరు మనుషులు కావాలి. ఇంక కొండేం ఎక్కుతాను?"

నేను మోస్తానన్నాను. నవ్వాడు. ఒక ముడి వేశాడు, ఇంకో ముడి వేశాడు.

"టీ పొడి ఎక్కువ తెచ్చుకో," అన్నాడు.

మే 4

రస్సెల్ మంచుబండి మీద దింపి వెళ్లాడు. సెలవు పెట్టి వచ్చాడు, శిబిరంలో వాళ్లకి చేపల వేటకని చెప్పాడట. దారంతా నా మీద విసుక్కుంటూనే ఉన్నాడు. ఇద్దరు ముసలాళ్లు, ఒక పడవ, ఒక పిచ్చి అన్నాడు. నన్ను కూడా ముసలాళ్లలో కలిపేశాడు. పడవ తాళ్లు మాత్రం ఒక్కొక్కటీ రెండుసార్లు లాగి చూశాడు. వెళ్లేటప్పుడు తన కొత్త చేతిగ్లౌజులు మామయ్య ఒళ్లో పడేసి బండెక్కాడు.

గుడారంలో స్ప్రూస్ చెట్ల కొమ్మలు పరిచాను. పొయ్యి బాగా అంటుకుంది. సరస్సు ఇంకా తెల్లగా, గట్టిగా ఉంది.

మే 9

మంచు.

మే 12

మంచు. ఎండుచేప తిన్నాం. మామయ్య దగ్గుతున్నాడు.

మే 17

ఈ ఏడాది ఇంత చలా! మే సగం దాటినా రాత్రి మైనస్ పది. ఎవరి మీద పడి అరవాలి? పొద్దున పడమటి నోటి దగ్గరికి వెళ్లి ఆ గడ్డ గోడను గొడ్డలి వెనకవైపుతో కొట్టాను. ఊరికే, కోపం కొద్దీ. నా ఎత్తుంది. మామయ్య గుడారం ముందు కూర్చుని చూస్తూ, దాన్ని పగలగొడితే నీళ్లు పడమటికే పోతాయి కదా, కంపెనీ నీకు జీతం ఇస్తోందా అన్నాడు.

నవ్వొచ్చింది. మూడు నెలల్లో మొదటిసారి.

మే 21

వాన. వెచ్చటి వాన! కొండల నుంచి నీళ్లు దిగుతున్నాయి. సరస్సు అంచుల్లో గడ్డ విడిపోయి నల్లటి నీరు కనిపిస్తోంది. ఒక కస్తూరి ఎలుకను కొట్టి కాల్చాను. మామయ్య తోక కూడా వదల్లేదు. గుడారం అంచున నేల మీద గీత గీశాను, నీరు ఎంత లేస్తుందో చూడ్డానికి.

మే 24

గీత మునిగింది. గుడారం పైకి జరిపాను. మామయ్య కూర్చునే చోటు నుంచి లేవడానికి నా భుజం పట్టుకోవాల్సి వస్తోంది. ఏమైనా జరిగితే అన్న ఆలోచన వచ్చింది. రాయను దాని గురించి.

మే 26

పోతున్నాయి.

పొద్దున ఆరింటికి చప్పుడు విని లేచాను. మొదట గాలి అనుకున్నాను. తూర్పు అంచుకు పరిగెత్తాను. రాళ్ల మధ్య నీరు, నా చీలమండ లోతు. మధ్యాహ్నానికి మోకాలి లోతు. నాన్న నన్ను కూర్చోబెట్టుకుని తీసుకొచ్చిన దారే. నేను ఏడుస్తున్నానో తిడుతున్నానో నాకే తెలియలేదు.

మామయ్యను రెండు చేతులా పట్టుకుని తీసుకొచ్చాను. ఒక బండ మీద కూర్చోబెట్టాను. చాలాసేపు చూశాడు. ఒంగి, దోసిలి పట్టి తాగాడు. ఫోన్లో ఫోటోలు తీశాను, తేదీ, గంట పడేలా. ఇంక మన గెలుపే, ఇప్పుడు నువ్వు చూశావు, హాల్లో నువ్వు చెప్పు, నేను ఇంగ్లిషులో చెప్తాను అంటూ గబగబా ఏదేదో వాగాను.

"ఇది నాకు కొత్త కాదు ఎఫీ," అన్నాడు. "మీ నాన్న ఎప్పుడో చెప్పాడు. నిన్ను తీసుకొచ్చిన సంగతి కూడా చెప్పాడు. పడవ ముందు కూర్చుని గొంతు చించుకుని అరిచావటగా."

నాకు తల కొట్టేసినట్టయింది. తెలిసి ఆ రోజు ఎందుకు చెప్పలేదు మామయ్యా అన్నాను. అరిచాననే చెప్పాలి.

ఆయన నా మీద అరవలేదు. అదే నాకు ఎక్కువ బాధయింది.

"నేను చూడలేదు కదా. అదే చెప్పాను. చెప్పి నీ వైపు తిరిగాను. చూసిన మనిషి నా పక్కనే కూర్చునుంటే నేనెలా మాట్లాడతాను? నీకు చోటిచ్చాను. నువ్వు మొదలుపెడతావని ఆగాను. నువ్వు నాకు మంచినీళ్లిచ్చావు."

నీళ్లు ఇద్దరి కాళ్ల కింద నుంచి పోతూనే ఉన్నాయి.

మే 27

నిద్ర పట్టలేదు. మూడు నెలలు ఆయన్ని తిట్టుకున్నాను. ఒక్క మాట ఎక్కువ అంటే ఏం పోయేదని. ఆ ఎక్కువ మాట అనాల్సింది నేను. ఊళ్లో అందరికీ తెలుసేమో, ఆయన ఎందుకు ఆగాడో. హాలంతా నా కోసం ఆగిందేమో. నేనొక్కదాన్నే గ్లాసు కోసం వెతుక్కున్నాను.

బోర్డు మీద కోపం పోలేదు. పోదు కూడా. కానీ వాళ్లు తప్పు రాసుకోవడానికి ఖాళీ కాగితం ఇచ్చింది నేను.

జూన్ 1

ఇంటికి చేరాం. తూర్పు నీళ్ల మీదే వచ్చాం. పడవ రెండు చోట్ల రాళ్లకు తగిలింది, ఒక చోట దిగి లాగాను. మామయ్య ముందు కూర్చుని రాళ్లు చెప్పాడు, అరవకుండా, చేత్తో చూపిస్తూ. పీల్‌లో పడేసరికి నది నిండా గడ్డ ముక్కలు. ఒడ్డు పట్టుకుని వచ్చాం.

రస్సెల్ రేవులో నిలబడి ఉన్నాడు. మూడు రోజుల నుంచి రోజూ వస్తున్నాడట. పడవ తెల్లచేపల వాగు వైపు నుంచి రావడం చూశాడు. మామయ్యను ఎత్తుకుని గట్టెక్కించాడు.

జూన్ 11

ఫోటోలు బోర్డుకు పంపించాను. దానికి కంపెనీ లాయరు సమాధానం అప్పుడే వచ్చేసింది. మా ఫోటోలు నిజమే కావచ్చట. కానీ ఇది 'ఒక్క ఏడాదిలో జరిగిన అరుదైన సంఘటన' అట. ఇదివరకు ఎప్పుడూ ఎవరూ చూసిన దాఖలా లేదట. అందుకు రుజువుగా ఫిబ్రవరి విచారణ నివేదికే చూపించాడు. పన్నెండో పేజీ.

అంటే మామయ్య చూసింది చాలదు. రెండోసారి చూసినవాళ్లు కావాలి. కాదు, మొదటిసారి చూసినవాళ్లు.

జూన్ 16

దుబాసీగా రాలేనని బోర్డుకు చెప్పాను. పక్క ఊరు అక్లావిక్ నుంచి ఇంకొకామెను పిలిపిస్తున్నారు. రస్సెల్ వచ్చి అన్నం తినకుండా కూర్చున్నాడు. రేపు నువ్వు మాట్లాడితే నా ఉద్యోగం పోతుంది అక్కా అన్నాడు. తెలుసురా అన్నాను. కాసేపటికి, మరి ఆ తేదీ గుర్తు తెచ్చుకో, వాళ్లు మొదట అదే అడుగుతారు అన్నాడు. ఇద్దరం కూర్చుని అమ్మ చెప్పిన సంగతులన్నీ పోగేశాం. వాడికి పళ్లు వచ్చిన నెల, ఈస్టరు పండగ, పీల్‌లో గడ్డ కదిలిన రోజు. ఏడాది దొరికింది. తేదీ దొరకలేదు.

జూన్ 17

హాలు నిండిపోయింది. వాకిలి దగ్గర కూడా నిలబడ్డారు.

మామయ్య మూడే వాక్యాలు చెప్పాడు. మే ఇరవై ఆరున చూశాను, నీళ్లు తూర్పుకు పోయాయి, వాటి మీదే ఇంటికొచ్చాను. నది కథ చెప్పలేదు. అధ్యక్షుడు ఈసారి గడియారం చూడకుండా ఇంకేమైనా చెప్తారా అన్నాడు. మామయ్య తల అడ్డంగా ఊపి నా వైపు తిరిగాడు.

నేను మన భాషలోనే చెప్పాను. ఇంగ్లిషులో చెప్పగలను, కానీ ఊళ్లోవాళ్లు నా నోటి నుంచి నేరుగా వినాలి. అక్లావిక్ ఆమె బాగా చెప్పింది, ఒక్క మాట మింగలేదు. బీవర్ వేట, కుక్కబండి, పడవ, రాళ్లు, గడ్డ గోడ, అన్నీ చెప్పాను.

లాయరు లేచాడు. రస్సెల్ చెప్పినట్టే తేదీ అడిగాడు. ఏడాది చెప్పాను. తేదీ గుర్తు లేదన్నాను. గుర్తు లేదంటే గుర్తు లేదనే, నీళ్లు నమల్లేదు. అప్పుడు లాయరు కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"ఫిబ్రవరిలో మీరు ఇదే హాల్లో, ఇదే బల్ల దగ్గర ఉన్నారు. ఈ ప్రశ్నే వచ్చింది. నలభై ఏళ్లుగా తెలిసిన విషయమైతే అప్పుడెందుకు చెప్పలేదు? మీ మాట ఇప్పుడు మేం ఎందుకు నమ్మాలి?"

ముందు వరసలో రస్సెల్ తల దించుకున్నాడు.

నియమం గురించి చెప్పచ్చు. పద్ధతి గురించి చెప్పచ్చు. రెండూ నాలుక చివరి దాకా వచ్చాయి.

"భయపడ్డాను," అన్నాను. "మీరు నవ్వుతారని భయపడ్డాను. మా మామయ్య నాకు చోటిస్తే నోరు మూసుకున్నాను. నన్ను నమ్మకండి, నష్టం లేదు. తప్పు చేసింది నేను. నీళ్లు చేయలేదు. నీళ్లు ప్రతి ఏడాదీ వాటి దారిన అవి పోతూనే ఉన్నాయి. మీరే వెళ్లి చూడండి."

లాయరు కూర్చున్నాడు.

బోర్డు వాళ్లు గంటసేపు లోపల మాట్లాడుకుని వచ్చారు. అనుమతి ఇవ్వలేదు, కాదనీ అనలేదు. వచ్చే మే నెలలో ముగ్గురు సభ్యులు సరస్సు దగ్గర ఉండి కళ్లారా చూస్తారట. అప్పటిదాకా అక్కడ ఒక్క తట్ట మట్టి కూడా పోయకూడదు. హెలికాప్టర్‌లో ఒక పూట వచ్చి పోతామంటే కుదరదని మామయ్య అప్పటికప్పుడే చెప్పేశాడు. మంచు మీద రావాలి, నీళ్ల మీద తిరిగి వెళ్లాలి. దీనికి మాత్రం ఎవరూ దుబాసీ కోసం ఆగలేదు, ఆయనే ఇంగ్లిషులో చెప్పాడు.

బయట ఎవరూ నా భుజం తట్టలేదు. బాగా చెప్పావు అనలేదు. మెట్ల దగ్గర డోర్కస్ ముసలమ్మ ఆగి, నా మొహంలోకి చూసి, ఈ మాట ఇన్నాళ్లూ నీ దగ్గరే ఉందా అని అడిగింది. అవునన్నాను. ఆమె నిట్టూర్చి దారి ఇచ్చింది. రస్సెల్ బండి స్టార్ట్ చేసి ఉంచాడు. వాడికి శిబిరం నుంచి ఫోన్ అప్పటికే వచ్చేసిందట, రేపటి నుంచి రావద్దని. నా మీద అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

పోయిన ఫిబ్రవరిలో ఒక్క నిమిషం మాట్లాడి ఉంటే ఇదంతా అక్కర్లేదు. దీనికి ఇంకెవరినో వెతికి తిట్టడం ఈ పూటతో ఆపేస్తున్నాను.